బల్ల దగ్గర చోటు

(కాలనీ గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చునే వేళ. అయినా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

నన్ను మన ఊళ్లో ఆదివారం టిఫిన్ల గురించి మాట్లాడమన్నారు. ఎక్కడ దోసె బాగుంటుంది, ఏ వేళకి వెళ్తే కుర్చీ దొరుకుతుంది, ఇవన్నీ చెప్తాను. పదిహేనేళ్లు దాటింది నేను హైదరాబాద్‌లో ఆదివారాలు పనిగట్టుకుని బయట తినడం మొదలుపెట్టి. ఆ మాత్రం తెలుసు. కానీ ముందు మా ఇంట్లో శనివారం ఏం జరిగేదో చెప్పాలి. ఎందుకంటే ఆదివారం టిఫిన్ శనివారం మధ్యాహ్నమే మొదలవుతుంది.

డెబ్బైల చివర్లో మేం చిక్కడపల్లిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాయనమ్మ, అమ్మ, నాన్న, మేం ముగ్గురు పిల్లలం. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ మినప్పప్పు, బియ్యం విడివిడిగా నానబోసేది. దీపాలు పెట్టే వేళకి రుబ్బురోలు ముందు కూర్చునేది. ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో పప్పు లోపలికి తోస్తూ, మధ్యమధ్యలో నీళ్లు చిలకరిస్తూ. పిండి నలిగిందో లేదో చూడటానికి చిన్న ఉండ తీసి నీళ్ల గిన్నెలో వేసేది. తేలితే అయిపోయినట్టు. మునిగితే ఇంకో పావుగంట తిప్పాలి. చలికాలమైతే పిండి పులవదని గిన్నెకి నాన్న పాత శాలువా చుట్టి పొయ్యి పక్కన పెట్టేది. రాత్రి ఒకసారి లేచి మూత తీసి చూసుకునేది కూడా.

పొద్దున ఆరున్నరకి నాన్న పేపరు చంకలో పెట్టుకుని బయటికి వెళ్లేవారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు ఒక ఇరానీ హోటల్ ఉండేది. అక్కడ ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, స్నేహితులు, సినిమా కబుర్లు, రాజకీయాలు. ఎనిమిదింటికి ఆయన తిరిగొచ్చేసరికి అమ్మ పెనం వేడెక్కించి ఉంచేది. ఐదుగురికి మూడేసి చొప్పున పదిహేను దోసెలు. ఒక్కోదానికి మూడు నిమిషాలనుకున్నా ముప్పావు గంట ఆమె స్టవ్ దగ్గర నుంచి కదిలేది కాదు. మేమందరం తిని లేచాక, గిన్నె అడుగున మిగిలిన పిండిలో నాలుగు ఉల్లిపాయ ముక్కలు కలిపి మందంగా ఒక అట్టు పోసుకునేది. అప్పటికి చట్నీ అయిపోయి ఉండేది. ఆవకాయ పెట్టుకుని తినేది. “చట్నీ లేదేంటమ్మా?” అంటే, “నాకు మందంగా ఉంటేనే ఇష్టమే, దానికి ఆవకాయే బాగుంటుంది” అనేది. నేను చాలా ఏళ్లు ఆ మాట నమ్మాను.

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్లీ వస్తాను.

ఇప్పుడు నాన్న కూర్చున్న ఆ ఇరానీ హోటల్‌లోకి వెళ్దాం. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో ఇరాన్ నుంచి, ముఖ్యంగా యజ్ద్ వైపు నుంచి, కుటుంబాలు బతుకుతెరువు కోసం బొంబాయికి వచ్చాయి. అక్కణ్ణుంచి కొందరు పుణే మీదుగా నిజాం హైదరాబాద్‌కి చేరారు. వాళ్ల దేశంలో టీలో పాలు పొయ్యరు. చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని డికాషన్ తాగుతారు. ఇక్కడికొచ్చాక పాలు కలిశాయి. అలా కలిసిన పద్ధతే మనం ఇరానీ చాయ్ అని పిలుచుకునేది.

మన ఇంట్లో టీపొడి, పాలు, చక్కెర ఒకే గిన్నెలో మరిగిస్తాం కదా. అక్కడ డికాషన్ ఒక పాత్రలో, మూత బిగించి, సన్నని సెగ మీద. ఆవిరి పోకుండా దమ్ మీద ఉంచుతారు. పాలు ఇంకో పాత్రలో, చిక్కబడి మీగడ రంగు తిరిగేదాకా. ఈ రెండూ కలిసేది కప్పులోనే. అందుకే దాని రంగు మన టీ రంగులా ఉండదు, ఇటుక పొడికీ మీగడకీ మధ్య ఎక్కడో ఉంటుంది. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అని చెప్పాలి. ఇద్దరికి ఒకటి చాలనుకుంటే ‘వన్ బై టూ’. పక్కన గాజు అల్మారాలో ఉస్మానియా, చాంద్ బిస్కెట్, టై బిస్కెట్, పొరలు పొరలుగా విడిపోయే ఫైన్ బిస్కెట్, కొబ్బరి పెట్టిన దిల్‌ఖుష్. ఉస్మానియా బిస్కెట్‌కి ఆ పేరు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. తీపి తగిలిన వెంటనే ఉప్పు తగులుతుంది, అదే దాని గుణం. చాయ్‌లో ముంచితే లెక్కపెట్టి రెండు క్షణాలే. మూడోది అయితే అడుగున చెంచాతో వెతుక్కోవాలి.

పాలరాతి పలక పరిచిన బల్లలు, నల్లగా నిగనిగలాడే చెక్క కుర్చీలు, గోడలకి అద్దాలు, ఎత్తైన కప్పు. ఒక్క చాయ్ చెప్పి గంటన్నర కూర్చున్నా లేవమనేవాళ్లు కాదు. నన్ను అడిగితే ఆ హోటళ్లు మన ఊరికి చేసిన పెద్ద మేలు చాయ్ కూడా కాదు, ఆ కూర్చోనివ్వడమే.

ఎందుకు పెద్ద మేలు అంటున్నానో చెప్తాను, కొంచెం వెనక్కి వెళ్లాలి.

మనం ఇవాళ హోటల్లోకి వెళ్లి ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చుంటాం. ఆ కుర్చీ అంత తేలిగ్గా రాలేదు. స్వాతంత్ర్యానికి ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, రాయలసీమ ఊళ్లు కూడా అందులోవే, కాఫీ హోటళ్ల బోర్డుల మీద కులం పేరు రాసి ఉండేది. కూర్చునే చోట్లు వేరు. రైల్వే స్టేషన్లలో ఫలహారశాలలదీ అదే తీరు. ఇక పల్లెల్లో టీ బడ్డీల దగ్గర దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి గురించి మీలో చాలామందికి నేను చెప్పనక్కర్లేదు. చూసినవాళ్లు ఉంటారు. ఆ రెండో గ్లాసులో తాగినవాళ్లూ ఇక్కడ ఉండొచ్చు.

1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగంలో 15వ అధికరణం ఉంది. ఎప్పుడైనా తీసి చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా దుకాణాల్లోకి, ఫలహారశాలల్లోకి, హోటళ్లలోకి వెళ్లే విషయంలో ఏ పౌరుడికీ అడ్డు చెప్పకూడదని అందులో ఉంది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. దేశానికంతటికీ శాసనం రాసుకుంటున్న పెద్దలు హోటల్ అనే మాట విడిగా రాశారు. టిఫిన్ తినే బల్ల దగ్గర ఎంత అవమానం జరుగుతోందో వాళ్లకి తెలుసు కాబట్టే రాశారు.

ఇరానీ హోటల్‌లో అందరికీ ఒకే కప్పు, ఒకే సాసరు. ఎక్కడో యజ్ద్ నుంచి వచ్చినాయనకి మన కులాల లెక్క పట్టదు. రిక్షా తొక్కేవాళ్లు, హైకోర్టు గుమాస్తాలు, ఉస్మానియా విద్యార్థులు, అందరూ ఆ పాలరాతి బల్లల చుట్టూనే. మా నాన్న పల్నాడు నుంచి వచ్చారు. ఆయనకి ఈ ఊరు సొంతమైంది ఆ బల్ల దగ్గరే. ఉర్దూ వచ్చిందీ అక్కడే.

ఆ బల్ల చుట్టూ మా అమ్మ మాత్రం లేదు. మా అమ్మే కాదు, ఏ అమ్మా లేదు. కొన్ని హోటళ్లలో ఓ మూలన ‘ఫ్యామిలీ రూమ్’ అని తెర కట్టి ఉండేది. ఆడవాళ్లు ఎవరితోనైనా వస్తే ఆ తెర వెనక. ఒంటరిగా రావడమనేది ఎవరి ఊహలోనూ లేదు. రాజ్యాంగంలో లింగం అనే మాట కూడా ఉంది, నేను చదివాను కదా. చట్టం తలుపు తీసి పెట్టింది. కానీ ఆదివారం ఎనిమిదింటికి ఇంట్లో పదిహేను దోసెలు ఎవరు పోస్తారు?

నాన్న 2007లో పోయారు. ఆ తర్వాత రెండేళ్లకి, ఒక ఆదివారం, “అమ్మా, టిఫిన్‌కి బయటికి వెళ్దాం పద” అన్నాను. “పిండి ఉందిగా” అంది. “ఫ్రిజ్‌లో ఉంటుందిలే, రేపు పోద్దువు” అన్నాను. చీర మార్చుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పెళ్లికి వెళ్తున్నట్టు తయారైంది.

ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్‌కి తీసుకెళ్లాను. పాతకాలపు శాకాహార హోటల్, మీ అందరికీ తెలుసు. సర్వర్ వచ్చి “ఏం కావాలమ్మా?” అని ఆమెనే అడిగాడు. ఆమె నా వైపు చూసింది. “నువ్వే చెప్పమ్మా” అన్నాను. ఒక నిమిషం ఆగి అంది: “పేపర్ దోసె. పల్చగా, ఎర్రగా కాల్చమనండి.”

పల్చగా! ఇన్నేళ్లూ నాకు మందంగా ఉంటేనే ఇష్టం అన్న మనిషి. దోసె వచ్చింది, ప్లేటుకి రెండు పక్కలా బయటికి ఉంది. ఆమె అంచు విరిచింది, చప్పుడైంది. మూడు చట్నీలూ ఒక్కొక్కటి రుచి చూసింది. పూర్తయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేను నా ఇడ్లీ తినడం మర్చిపోయి ఆమెనే చూస్తున్నాను.

తిరిగొస్తుంటే ఆటో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరికి వచ్చింది. “మీ నాన్న వెళ్లే హోటల్ ఇక్కడేనా?” అంది. ఆటో ఆపించాను. లోపల అందరూ మగవాళ్లే. గల్లా దగ్గర పెద్దాయన మమ్మల్ని చూసి ఫ్యామిలీ రూమ్ వైపు చెయ్యి చూపించబోయాడు. నేను కిటికీ పక్క బల్ల చూపించాను. ఆయన సరే అన్నట్టు తలూపాడు. అమ్మ కూర్చుని ముందు బల్ల మీద అరచెయ్యి ఆనించింది. “చల్లగా ఉందే” అంది. చాయ్ వచ్చింది. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ ఒక గుక్క తాగి ఆగిపోయింది. “ఇంత తీపా? అందుకా! ఇంటికొచ్చాక కాఫీలో చక్కెర వద్దనేవారు. ముప్పై ఏళ్లు ఎందుకో అనుకున్నాను.”

కాసేపు అద్దాల వైపు, అల్మారా వైపు, మనుషుల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత అంది: “ఇంకోటి చెప్పు. వన్ బై టూ.”

ఆ మాట ఆమెకి నాన్న నోటి నుంచే తెలుసు.

ఆ హోటల్ ఇప్పుడు లేదు. అక్కడ రెడీమేడ్ బట్టల షాపుంది. ఇలాంటివి ఊరంతా మూతపడ్డాయి. చాయ్ ధరకి, ఆ రోడ్డు మూల స్థలాల అద్దెకి పొత్తు కుదరడం లేదు. ఉన్నవాటికైనా వెళ్లండి. చార్మినార్ పక్కన నిమ్రా ఉంది. ఆదివారం ఆరున్నరకి వెళ్తే 1591 నాటి కట్టడం మీద మొదటి ఎండ పడుతుంటుంది, చేతిలో చాయ్ ఉంటుంది. రెడ్‌హిల్స్ నీలోఫర్ ఉంది. ఇప్పుడు అక్కడ ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ కనిపిస్తారు. నాకది చూస్తే చాలా సంతోషంగా ఉంటుంది.

పాతబస్తీ మాట వచ్చింది కాబట్టి నహారీ గురించి కూడా చెప్తాను. నహార్ అంటే అరబ్బీలో పగలు. రాత్రంతా సన్న సెగ మీద మేక కాళ్లు, నాలుక మసాలా మూటతో ఉడుకుతాయి. తెల్లారేసరికి పులుసు వేలికి అంటుకునేంత జిగురుగా తయారవుతుంది. దానికి తోడు చార్‌కోనీ నాన్, నాలుగు మూలల రొట్టె. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైందని చెప్పే మున్షీ నాన్ దుకాణంలో భట్టీ గోడకి అతికించి కాల్చేవారు. మా కాలేజీలో ఉర్దూ చెప్పే స్నేహితురాలు నన్ను నహారీ దుకాణానికి తీసుకెళ్లింది. వాళ్లింట్లో ఆదివారం వేరే పద్ధతి: ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ఎర్ర కందిపప్పుతో ఖిచిడీ, పక్కన ఖీమా, నువ్వులూ చింతపండూ కలిపిన పుల్లని ఖట్టా. ఈ మూడూ ఒకే ముద్దలో కలిపి తింటే తెలుస్తుంది హైదరాబాద్ పొద్దుటి పూట రుచేమిటో. ఆమె ఒక మాట అంది. నహారీ చిన్నప్పటి నుంచీ తింటున్నాను కానీ దుకాణంలో కూర్చుని ఎప్పుడూ తినలేదు, అన్నయ్య గిన్నె పట్టుకెళ్లి తెచ్చేవాడు అని. ఆ రోజు మేమిద్దరం లోపల బెంచీ మీద కూర్చునే తిన్నాం. ఎనిమిదిన్నర దాటితే నహారీ అయిపోతుంది, ముందే వెళ్లండి.

ఇక దోసె. బాగా పోసే చోటు ఎలా గుర్తుపట్టాలో చెప్తాను. పెనం దగ్గర నిలబడి చూడండి. హోటల్ పెనం అంటే మందమైన ఇనుప పలక, ఒకేసారి ఆరు, ఎనిమిది దోసెలు పడతాయి. పోసే ముందు మాస్టర్ దాని మీద నీళ్లు చల్లుతాడు. చుయ్ మని ఆవిరి లేస్తుంది. చిన్న చీపురుతో ఒక్క ఊపున తుడిచేస్తాడు. అది శుభ్రం కోసమని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరు. పెనం మరీ కాలిపోయి ఉంటే పిండి పడగానే అక్కడికక్కడే గట్టిపడుతుంది, గరిటెతో తిప్పినా జరగదు, ముద్దలు కడుతుంది. నీళ్లతో పైపైన వేడి తగ్గిస్తే పిండి పల్చగా పరుచుకోవడానికి కొన్ని క్షణాలు దొరుకుతాయి. కింద పలకలో వేడి అలాగే ఉంటుంది, అది మళ్లీ పైకి వచ్చి ఎర్రగా కాలుస్తుంది. మధ్యలో నుంచి మొదలుపెట్టి బయటికి, చెయ్యి ఎత్తకుండా, గుండ్రంగా. గరిటె అడుగు పెనానికి తగలకూడదు, పిండికే తగలాలి. రద్దీ ఎక్కువైనప్పుడు తొందరలో నీళ్లు చల్లడం మానేసే మాస్టర్ల దగ్గర దోసె మధ్యలో మందంగా, పాలిపోయి ఉంటుంది. పెసరట్టుకి పులవడంతో పని లేదు. నానిన పెసలు, అల్లం, పచ్చిమిర్చి రుబ్బి పొయ్యడమే. అందులో ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు అంటారు కదా, ఆ పేరు ఇక్కడ మన ఎమ్మెల్యే క్వార్టర్స్ నుంచి వచ్చిందనే చెప్పుకుంటారు.

మోజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండీ తెల్లారకముందే మొదలవుతుంది. వెన్న దండిగా వేసిన దోసె. 1935లో కట్టిన ఆ మార్కెట్ గడియారం కింద చీకట్లో పొయ్యి మంట, చుట్టూ రాత్రి డ్యూటీ దిగినవాళ్లు. చార్మినార్ వైపు గోవింద్ బండి దగ్గర ఇడ్లీని కూడా పెనం మీద వెన్న, కారప్పొడితో వేయిస్తారు. రెండూ నిలబడి తినే చోట్లే. కుర్రవాళ్లకి బాగుంటుంది. కూర్చుని తినాలంటే హిమాయత్‌నగర్ మినర్వా, లేదా చట్నీస్. అక్కడ బాబాయ్ ఇడ్లీ అడిగితే మెత్తటి ఇడ్లీ వెన్నపూసతో వస్తుంది. ఆ పేరుకి మూలం విజయవాడ గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్. ఆ ఊరు వెళ్తే అసలు చోటులోనే తినండి. వెన్న ఇడ్లీ మీద కరుగుతుండగా కారప్పొడి అద్దుకుని తింటే ఇంకేమీ అడగరు.

నిలబడి తినే చోట్ల గురించి నాకు ఒక బాధ ఉంది. పేరు చెప్పను. రెండేళ్ల కిందట ఒక కొత్త టిఫిన్ సెంటర్‌కి అమ్మని తీసుకెళ్లాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు. లోపల అన్నీ ఛాతీ ఎత్తు స్టీలు బల్లలు, ఒక్క కుర్చీ లేదు. ఒక్క స్టూలైనా ఇమ్మని అడిగాను. కౌంటర్ అబ్బాయి పార్కింగ్ పక్కన పిట్టగోడ చూపించాడు. ఎనభైకి దగ్గరైన మనిషి ఎవరిదో స్కూటర్‌కి ఆనుకుని ఇడ్లీ తింది. సగం వదిలేసింది. ఇడ్లీ మంచిదే. బెంగళూరులో దర్శినులనే నిలబడి తినే హోటళ్ల పద్ధతి మనకీ వచ్చింది, తొందరలో ఉన్నవాళ్లకి చవగ్గా, వేడిగా దొరుకుతుంది, నేను కాదనను. కానీ నాలుగు కుర్చీలు వెయ్యండి. ఇక్కడ హోటల్ నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను. నాలుగే.

బెంగళూరు అంటే గుర్తొచ్చింది. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తోంది. శనివారం పొద్దున గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్‌కి వెళ్తుంది. 1943 నాటి హోటల్. సర్వర్ ఒక చేతి మీద డజను దోసె ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని వస్తాడు, నేనూ చూశాను. బయట పేరు రాయించుకుని ముప్పావు గంట నిలబడాలి. “ఎవరితో వెళ్లావే?” అని మొదట్లో అడిగేదాన్ని. “ఒక్కదాన్నే” అనేది. రెండు మూడుసార్లయ్యాక అడగడం మానేశాను. ఒక్కతే వెళ్లి, బల్ల దగ్గర కూర్చుని, కావాల్సింది చెప్పి, తిని, బిల్లు కట్టి వస్తోంది. మా అమ్మకి అరవై మూడో ఏట దొరికింది ఈ పిల్లకి ఇరవై మూడో ఏటే దొరికింది.

అందుకే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో కొత్త కేఫ్‌లని ఎవరైనా తీసిపారేస్తే నేను ఒప్పుకోను. మన వయసువాళ్లు అంటుంటారు: ఆ రొట్టెముక్కకి అన్ని వందలా, ఆ కాఫీకి అంత ధరా అని. ధర ఎక్కువే. కానీ ఒకసారి రోస్టరీ లాంటి చోటికి ఆదివారం తొమ్మిదింటికి వెళ్లి చూడండి. పాత బంగళా, చెట్ల కింద బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కతే అమ్మాయి, పుస్తకమో లాప్‌టాప్‌నో పెట్టుకుని. ఎవరూ తేరిపార చూడరు. ఒక కాఫీతో రెండు గంటలు కూర్చున్నా లేవమనరు. మా నాన్న హోటల్‌లో ఉన్న మర్యాదే అది, ఈసారి అమ్మాయిలకి కూడా. అక్కడ కాఫీ గింజలు ఎక్కడివని అడగండి, చెప్తారు. చాలాసార్లు అరకు పేరు వినిపిస్తుంది. మన్యంలో ఆదివాసీ రైతులు మిరియాల తీగలు పాకిన చెట్ల నీడలో పండించే కాఫీ. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకి దగ్గరి కొండల మీద పండింది మన బల్ల మీదికి రావడం నాకు గొప్పగా ఉంటుంది.

ఇంక వివరాలు గబగబా చెప్పేస్తాను. ఏడింటికల్లా చేరండి. తొమ్మిది దాటితే ఎక్కడైనా టెన్షనే, పార్కింగ్ దగ్గర నుంచి మొదలు. ఇడ్లీ ముందు చెప్పండి, అది తింటుండగా దోసె చెప్పండి. అన్నీ ఒకేసారి తెప్పించుకుంటే రెండోది చల్లారిపోతుంది. ఫొటో తీసుకుంటే తీసుకోండి కానీ ఒక్కటే, దోసె కరకర మూడు నిమిషాలకి మించి ఉండదు. కాఫీ చివర్లో. సర్వర్‌కి ఎంతో కొంత చేతిలో పెట్టండి, ఆయన కూడా ఆదివారం ఇల్లు వదిలి వచ్చినవాడే.

(సభలో ఒకరు: మేడమ్, ఇలా అందరం బయటే తింటే ఇంటి రుచి ఏమైపోవాలి?)

మంచి ప్రశ్న అడిగారు. నాకు ఇంటి రుచి అంటే ప్రాణం. మా అమ్మ చట్నీ లాంటిది ఏ హోటల్‌లోనూ తినలేదు. అయితే మీరొకటి చూడండి. మీరు అంటున్న ఆ ఇంటి రుచి మీ ఇంట్లో ఎంతమంది చేతుల్లో ఉంది? మా ఇంట్లో ఒక్కరి చేతుల్లోనే ఉండేది. 2009 తర్వాత ఆదివారాలు అమ్మని బయటికి తీసుకెళ్లడం మొదలుపెట్టాక, మా తమ్ముడు దోసె పొయ్యడం నేర్చుకున్నాడు. ఎందుకు నేర్చుకున్నాడో తెలుసా? మేం బయటికి వెళ్తే వాడికి టిఫిన్ ఉండేది కాదు. ఇప్పుడు శనివారం పప్పు నానబోసేది వాడే. నీళ్లలో ఉండ వేసి చూస్తాడు, అచ్చం అమ్మలాగే. వాడు పోసే దోసె కూడా బాగుంటుంది, అమ్మ నాలుగు తింటుంది. పల్చగా పొయ్యమంటుంది.

టైమ్ అయిపోయిందని సంజ్ఞ చేస్తున్నారు. ఒక్క విషయం చెప్పి దిగిపోతాను. వచ్చే ఆదివారం మేం ఆబిడ్స్ వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తోంది. కుర్చీలున్న హోటలే, కింది అంతస్తులో, మెట్లెక్కక్కర్లేదు, ముందే వెళ్లి చూసొచ్చాను. రావాలనుకున్నవాళ్లు గ్రంథాలయంలో పేరు రాయించండి. ఎవరి బిల్లు వాళ్లదే. మీ ఇంట్లో రోజూ వండేవాళ్లు ఎవరుంటే వాళ్ల పేరు ముందు రాయించండి, మీ పేరు తర్వాత. ఆరున్నరకి ఇక్కడ గేటు దగ్గర కలుద్దాం.